నల్లా కాడి ఇటుక

నగరం ఒకప్పుడు ఎలా ఉండేదో చూపించే కళ్లద్దాలు హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రతి మలుపులోనూ అద్దెకు దొరుకుతున్నాయి. తను పెరిగిన బస్తీని చూద్దామని అంజవ్వ ఫ్లైఓవర్ కింద నిలబడి ఒక జత పెట్టుకుంది. పక్కనుండే బంగళాలు, గేట్ల మీది కాగితంపూలతో సహా కనిపించాయి. బస్తీ ఉండాల్సిన చోట మాత్రం పచ్చగడ్డి ఉంది.

"మా ఇండ్లేవి బిడ్డా?" అని అద్దెకిచ్చే అమ్మాయిని అడిగింది.

"పాత ఫోటోలను బట్టి చూపిస్తది ఆంటీ. మీ దిక్కు ఫోటోలు దొరకలే. ఖాళీ జాగల గడ్డి పెడ్తది."

"ఖాళీ జాగనా? నల్లా కాడ బిందెలు పట్టుకొని కొట్లాడుకునేటోళ్లం ఈడ. అప్పుడు బుల్డోజర్ పెట్టి తీసేసిన్రు. ఇప్పుడు గడ్డి పెట్టి తీసేస్తున్నరా?"

అంజవ్వ కళ్లద్దాలు తీసేసి, రోడ్డు పక్క నుంచి ఇటుక తెచ్చి, ఒకప్పుడు నల్లా ఉన్న చోట పెట్టింది.

"అదేంది ఆంటీ?"

"నా నంబరు. పనికి పోతే లైన్ల ఇటుక పెట్టి పోయేటోళ్లం. మళ్ల వచ్చేదాకా ఎవ్వరూ ముట్టేటోళ్లు కాదు. నువ్వూ ముట్టకు."

అంతలో కళ్లద్దాలు పెట్టుకున్న ఒకాయన గడ్డిని చూసి మురిసిపోతూ అటే నడిచాడు. మరుక్షణం కాలి బొటనవేలు పట్టుకుని కూలబడ్డాడు.

"ఏముంది ఇక్కడ?" అని అరిచాడు.

"మా బస్తీ" అంది అంజవ్వ.