మరిచిపోయిన లైసెన్సు

“లైసెన్సు చూపించు.”

బ్యాంకు గార్డు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. స్కూటరు డిక్కీ తెరిచి, అందులోని పాత గుడ్డ తీసి దులిపి మళ్ళీ అక్కడే పెట్టాడు.

“ఇంట్లో మరిచిపోయానండీ.”

ఇన్‌స్పెక్టరు అతని యూనిఫాం వైపు, నడుముకున్న పిస్టల్ వైపు మార్చి మార్చి చూశాడు. మిట్టమధ్యాహ్నం. చెక్‌పోస్టు దగ్గర ఆగిన బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి.

“యూనిఫాం చూసి నేను పొమ్మనే చెయ్యి ఊపాను సార్,” అన్నాడు కానిస్టేబులు నొచ్చుకుంటూ. “ఈయనే బండాపి, నా దగ్గర తుపాకీ ఉంది చూసుకోండి అన్నాడు.”

“కొరివితో తల గోక్కోవడమంటే ఇదే,” అంటూ ఇన్‌స్పెక్టరు పిస్టల్ తీసుకుని, గుళ్ళు ఖాళీ చేసి, గార్డుని రోడ్డవతలున్న స్టేషన్లోకి నడిపించాడు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. గార్డుని బల్ల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నిదానంగా చెప్పాడు.

“చూడు, తుపాకీ నీదే కావచ్చు. లైసెన్సూ ఉండే ఉంటుంది. కానీ అది దగ్గర లేకుండా తుపాకీతో రోడ్డెక్కితే, నీకూ దొంగ తుపాకీ వాడికీ మాకు తేడా ఉండదు. కేసు రాస్తాను. తుపాకీ పోతుంది, లైసెన్సు రద్దవుతుంది, దాని వెనకాలే ఉద్యోగం. జైలు సంగతి జడ్జిగారు తేలుస్తారు. ఇదంతా ఎందుకు? ఎవరికైనా ఫోన్ చేసి తెప్పించు. చూసి పంపించేస్తాను.”

“తెచ్చేవాళ్ళెవరూ లేరండీ.”

“ఎక్కడికి బయల్దేరావు?”

“ఇంటికేనండీ. భోజనానికి.”

“సరే, కానిస్టేబుల్ని తోడిస్తాను. వెళ్ళి తెచ్చుకో.”

“వద్దండీ!” గార్డు ఉలిక్కిపడి లేచాడు. “ఇంటికి మాత్రం వద్దు.”

వీధిలో పరువు పోతుందని కాబోలు అనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. టోపీని రెండు చేతులా గుండెకు అదుముకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డ మనిషిని చూస్తే అతనికి జాలేసింది. బ్యాంకుకి ఫోన్ చేశాడు. మనిషి బంగారమనీ, లైసెన్సు నిజమేననీ మేనేజరు గట్టిగా చెప్పి, అవసరానికని గార్డు రాసిచ్చిన నంబరు కూడా ఇచ్చాడు. అది అతని తమ్ముడిది.

తమ్ముడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు. చేతులకు సిమెంటు ఇంకా ఆరలేదు.

“ఇల్లంతా వెతికామండీ,” అన్నాడు రొప్పుతూ. “వదిన బీరువా మొత్తం కింద పోసింది. పరుపులెత్తి చూశాం. ఎక్కడా కనపడలేదు.”

“నువ్వు తాపీ పని చేస్తావా?”

“కాదండీ. ఇంటి మధ్యలో గోడ పెడుతున్నాను. వేరుపడ్డాం.”

“మీ అన్న ఒప్పుకున్నాడా?”

తమ్ముడు తల దించుకున్నాడు. “లేదండీ. పొద్దున పెద్ద గొడవే అయింది. నోటికొచ్చినవన్నీ అనుకున్నాం. నేనే ఎక్కువన్నాను.”

“మరి ఫోన్ రాగానే ఇలా పరిగెత్తుకొచ్చావే?”

“గోడ ఇంటికి కడుతున్నానండీ, అన్నయ్యకి కాదు కదా.”

గార్డు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

తమ్ముడు ఇన్‌స్పెక్టరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. “మా అన్నయ్య చీమకైనా అపకారం చెయ్యడండీ. ఆ తుపాకీ ఇన్నేళ్ళలో ఒక్కసారీ పేలలేదు. నాదీ హామీ. కావాలంటే నన్ను లోపల వేసి అన్నయ్యని పంపించండి. ఉద్యోగం పోతే పిల్లలేమైపోతారు?” తర్వాత అన్న దగ్గరికి వెళ్ళాడు. “ఎక్కడ పెట్టావో గుర్తు తెచ్చుకో అన్నయ్యా. నా మీద కోపం తర్వాత చూసుకుందువుగాని.”

“ఆఖరిసారి అడుగుతున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “లైసెన్సు ఎక్కడుంది?”

గార్డు తమ్ముడి చేతుల వంక చూశాడు. సిమెంటు కింద వేళ్ళు చితికి ఉన్నాయి. గోడలు కట్టడం అలవాటు లేని చేతులవి.

“లేదండీ. కేసు రాసుకోండి.”

ఇక ఇన్‌స్పెక్టరు చేయగలిగిందేమీ లేదు. కలం తీశాడు. హెడ్ కానిస్టేబులు లాకప్పు తలుపు తీసి, రివాజు ప్రకారం ఒంటి మీదివి ఒక్కొక్కటే అడిగి తీసుకున్నాడు. బెల్టు ఇచ్చాడు గార్డు. వాచీ ఇచ్చాడు. ఉంగరం కూడా ఇచ్చాడు. టోపీ మాత్రం వదల్లేదు.

“ఇవ్వవయ్యా, టోపీతో ఏం పని లోపల?” అని హెడ్డు లాగాడు.

టోపీ లోపలి పట్టీ ఊడి, ప్లాస్టిక్ కవరులో మడిచిపెట్టిన కార్డు ఒకటి నేల మీద పడింది. తమ్ముడు గబుక్కున వంగి తీశాడు. చూసి, చిన్నపిల్లాడిలా కేకేశాడు.

“దొరికింది సార్! ఇదుగోండి లైసెన్సు! అన్నయ్య దగ్గరే ఉంది!”

సిమెంటు మరకలంటిన కార్డుని ఇన్‌స్పెక్టరు వెలుతురులో పెట్టి చూశాడు. ఫొటో అదే. పిస్టల్ మీది నంబరూ అదే. గడువు కూడా తీరలేదు. వంక పెట్టడానికేమీ లేదు.

“చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికించావు కదయ్యా!” అన్నాడు కోపం పట్టలేక. “మొదట్లోనే ఇది చూపిస్తే నీ సొమ్మేం పోయేది?”

స్టేషన్లోకి వచ్చాక గార్డు మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూశాడు.

“చూపిస్తే మీరు అప్పుడే పంపించేసేవారండీ. నేను తుపాకీతో బయల్దేరింది వీడి మీదికే.”