శనివారం గది

“వచ్చే శనివారం నుంచి పాపని తీసుకురాకండి,” అన్నాడు లాయరు, కోర్టు మెట్లెక్కుతూ.

“తండ్రికి చూపించమని ఆర్డరుంది కదండీ?” అందామె.

“ఉంటే ఉంది! ఓ వారం ఒంట్లో బాగోలేదందాం, ఓ వారం పరీక్షలందాం. కొన్నాళ్ళు కనబడకపోతే పాపే ఆయన మొహం మర్చిపోతుంది. ఆ తర్వాత మనం వెళ్ళమన్నా వెళ్ళదు. అప్పుడు జడ్జిగారే ఈ కలవడాలు ఆపేస్తారు.”

ఆమె పాప వైపు చూసింది. పాప ఒంటికాలి మీద మెట్లు గెంతుతోంది.

“మీరు ఊఁ అంటే చాలు. లోపల చిన్న పనుంది, చూసుకొస్తా. ఈలోగా ఆలోచించండి,” అని లాయరు హడావిడిగా వెళ్ళిపోయాడు.

ఆలోచించడానికేముంది! మనసులో ఎప్పుడో ఊఁ అనేసింది.

భర్త కొట్టినవాడు కాదు, తాగినవాడూ కాదు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ, విడాకులదాకా వచ్చింది, అంతే. కానీ తనని అన్నేసి మాటలన్నవాడు వారం వారం దర్జాగా వచ్చి పాపని ఎత్తుకుంటుంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

వరండా చివర ఉంది ఆ గది. విడిపోయిన తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లల్ని అక్కడ వదిలి బయట కూర్చోవాలి. రెండోవాళ్ళు లోపల కలుసుకోవాలి.

బంట్రోతు గుమ్మంలో నిలబడి ఆమె భర్త పేరు పిలిచాడు. ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు. పాప చెయ్యి విడిపించుకుని తుర్రుమంది.

ఆమె మొహం మాడ్చుకుని బల్ల మీద కూలబడింది.

బంట్రోతు ఆమెనే చూస్తున్నాడు. తల నెరిసింది, రేపోమాపో రిటైరయ్యేలా ఉన్నాడు.

“అమ్మా, ఏమనుకోకండి. చిన్నప్పుడు మీరూ ఈ గదికే వచ్చేవారు కదూ? మీ నాన్నగారు బాగా పొడుగు. నోట్లో నాలుక లేని మనిషి.”

ఆమె మొహం విప్పారింది.

“భలే గుర్తుపట్టారే బాబాయ్!”

నిజమే, ఇదే గది. గోడలకి రంగు మారింది గానీ, కిటికీ పక్కన బొమ్మల బీరువా అలాగే ఉంది. తలుపు ఇప్పటికీ కిర్రుమంటోంది. ఆ చప్పుడు వింటే ఆమెకి ఎక్కడలేని ప్రాణం లేచొచ్చింది.

“అవునూ, బొమ్మల మావయ్య ఏమయ్యారు బాబాయ్?”

“ఎవరూ?”

“మీతోపాటు ఇక్కడ పనిచేసేవారు చూడండి! బీరువా పక్కన స్టూలేసుకుని కూర్చునేవారు. రైలుబండి చక్రం ఊడినా, బొమ్మ చెయ్యి విరిగినా ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళం.”

“ఆఁ... ఆయనా!” అన్నాడు బంట్రోతు.

“ఓసారి ఆయన మీసాలకి రిబ్బన్లు కట్టాం. పాపం, ఆ సాయంత్రమంతా అలాగే కూర్చున్నారు. ఏమన్నా అంటేగా! మధ్యమధ్య లేచి గేటుదాకా తొంగిచూసొచ్చేవారు. మేం పారిపోకుండా కాపలా పెట్టారనుకునేవాళ్ళం.”

బంట్రోతు గేటు వైపు చూశాడు.

“మొదటిరోజు నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను బాబాయ్. నాన్నకేమో పిల్లల్ని మాట్లాడించడం చేతకాదు. బెల్లం కొట్టిన రాయిలా కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పుడు బొమ్మల మావయ్యే ఆయన దగ్గరికెళ్ళారు. ‘అలా కుర్చీలో కూర్చుంటే ఏ పిల్ల వస్తుంది సార్? కిందకి దిగండి. ఏనుగవ్వండి’ అన్నారు.”

“అయ్యారా?”

“ఇస్త్రీ ప్యాంటుతో! నాలుగు కాళ్ళ మీద గదంతా తిరిగారు, ఘీంకారం కూడా చేశారు. నాకు నవ్వాగలేదు. ఎక్కి కూర్చున్నాను. ఇక ఆ వీపు దిగితేనా!”

ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“పోయేదాకా నాకు నాన్నే ప్రాణస్నేహితుడు. ఆ రోజు ఆ ఏనుగాట లేకపోతే నాకు నాన్నే ఉండేవారు కాదు. బొమ్మల మావయ్య ఎక్కడుంటారో చెప్పండి బాబాయ్, పాపని తీసుకెళ్ళి చూపించాలి.”

“కిందటేడు కాలం చేశారమ్మా.”

“అయ్యో!”

లోపల పాప కిలకిలా నవ్వింది. వెనకే వాళ్ళ నాన్న గొంతు, ఏదో జంతువులా అరుస్తూ.

“ఎంత పొరపాటు చేశాను! ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చి దణ్ణం పెట్టుకోవాల్సింది,” అందామె.

లాయరు చకచకా వచ్చి పక్కన నిలబడ్డాడు. “ఏమ్మా, ఊఁ అన్నట్టేనా? వచ్చే శనివారం రారుగా?”

“ఒక్క నిమిషం ఆగండి,” అని ఆమె మళ్ళీ బంట్రోతు వైపు తిరిగింది. “అంత మంచిమనిషి బాబాయ్, కోర్టువాళ్ళు ఆయన్ని సరిగ్గా చూసుకున్నారా? ఉద్యోగమైనా పర్మనెంటు చేశారా?”

“ఉద్యోగమేంటమ్మా!” అన్నాడు బంట్రోతు. “ఆయనా మీ నాన్నగారిలాగే ఆర్డరు పట్టుకుని కూతుర్ని చూసుకోడానికొచ్చిన తండ్రే, వాళ్ళావిడ ఆ పాపని ఒక్క శనివారం కూడా తీసుకురాలేదు.”