కుప్పుసామి సైటులో సమ్మె

“పనోళ్లంతా పారలు కింద పెట్టేసినారు పాపా. నా మాట ఒక్కడు గూడా వినలే. నువ్వొచ్చి మాట్లాడితే తప్ప కాదు.”

ఫోన్లో నాయన ఆ మాట అనగానే నందిత మంచం మీంచి చటుక్కున దిగింది. తన మాట చెల్లలేదని కుప్పుసామి మేస్త్రి ఒప్పుకోవడం ఆమె బుద్ధెరిగాక వినలేదు.

“నన్నేనా నాయనా రమ్మంటుండావు?”

“నువ్వే గదా మనుషుల చదువు చదవతానంటివి. అదేందో ఈ పొద్దు చూస్తాం, రా.”

ఎంబీయే రెండో ఏడు ఏ విభాగం తీసుకునేదీ సాయంత్రం లోపల కాలేజీకి చెప్పాలి. నందిత ప్రాణమంతా హెచ్చార్ మీదే. కానీ పోయిన నెల కుప్పుసామి చుట్టాలందరి ముందూ, తన తండ్రి సుబ్బరాయులు ఎదుటే, “ఫైనాన్సే. మనుషులతో వేగేది నాతోనే సరి” అని తేల్చేశాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకున్న పాపాన ఎన్నడూ పోలేదు. ఆయన్ని కాదని హెచ్చార్ అనడానికి కూతురికి నోరు రాలేదు, ఫైనాన్స్ అనడానికి మనసు రాలేదు.

“నిజం సమ్మెనా?” కాట్పాడి హాస్టల్ గదిలో పక్క మంచం మీంచి శృతి లేచి కూర్చుంది. “నీ పంట పండిందే. క్లాసులో మనకన్నీ కాగితం సమ్మెలే గదా. ఏమైందో ఫోన్ చెయ్.”

గుడియాత్తం బస్టాండులో దిగిన నందిత నడవలేదు, దాదాపు పరుగెత్తింది. అంగళ్ల ముందు పగిలిన గుమ్మడికాయల్ని దాటుకుంటూ ఇల్లు చేరింది. వాళ్లమ్మ అంబిక, “ఉండు, కాకికి పెట్టిన ముద్ద అది ముట్టినాక అన్నం పెడతా” అంది.

“సమ్మె తీరినాకే తింటాలేమ్మా.”

అంబిక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

సైటులో గోడ సగంలో ఆగి ఉంది. కడిగిన తట్టలు వరసగా బోర్లించి ఉన్నాయి. పనివాళ్లు ఉతికిన చొక్కాలు తొడుక్కుని, నుదుట విభూతితో ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. కుప్పుసామి చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఆయన పక్కనే కుర్చీలో సుబ్బరాయులు తాత.

నందితకు ఎగిరి గంతెయ్యాలన్నంత హుషారు కలిగింది. నాయన దగ్గరికి పోకుండా నేరుగా పోయి వాళ్ల మధ్య ఇసుకలోనే కూర్చుంది.

“చెప్పు లోకనాథ్ అన్నా, ఏం కష్టమొచ్చింది?”

పెద్ద పనివాడు లోకనాథ్ ఒకసారి కుప్పుసామి వైపు చూశాడు. “అదీ... టీ బాగుండలేదమ్మా.”

“తాగే నీళ్లు,” అన్నాడు అదే క్షణంలో పక్కనున్న హరి.

“టీ, నీళ్లు... రెండూ,” అని సర్దాడు లోకనాథ్.

“సెరి. రెండూ రేపట్నుంచి బాగుంటాయి. ఇంకా?”

లోకనాథ్, హరి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నందిత కుప్ప చివర కూర్చున్న చిన్నమణి వైపు తిరిగింది. ఇటుకలు మోసే మనిషి.

“నువ్వు చెప్పక్కా.”

“నిజంగా చెప్పేదా పాపా?” చిన్నమణి తలొంచుకుంది. “ఆడోళ్లం చీర మార్చుకునేదానికి ఒక చాటు లేదు. ఇన్నేళ్లలో ఒకరన్నా అడగలే.”

లోకనాథ్ బిత్తరపోయి ఆమెను చూశాడు. కుప్పుసామి కట్టుకున్న చేతులు విప్పేశాడు.

“నాయనా, తడికెలతో ఒక గది కావాల. రేపు సాయంత్రం లోపల. ఏమంటావు?”

“కట్టిస్తా,” అన్నాడు కుప్పుసామి. “నిజంగా నాకు తోచలేదమ్మా.”

“అయితే రేపు పనికొస్తారా?”

“వస్తాం పాపా,” అన్నారు అందరూ ఒక్కసారిగా.

కుప్పుసామి తండ్రి వైపు తిరిగి, వీధి చివరికి వినబడేంత గట్టిగా అన్నాడు: “చూస్తివా నాయనా? నేను చెప్తే విననోళ్లు బిడ్డ చెప్తే విన్నారు. ఇంక నేనేం జేసేది? ఆ హెచ్చారే చదవనీ.”

తాత తమలపాకు నములుతూ తలూపాడు. నందిత పరుగున పోయి నాయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకు సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆయన మాత్రం ఎటో చూస్తూ నిలబడ్డాడు.

అక్కడే నిలబడి ఫోన్లోంచి ‘హెచ్చార్’ అని కాలేజీకి పంపేసి, కాస్త పక్కకు పోయి శృతికి ఫోన్ చేసింది.

“ఒక్క పూటలో సమ్మె తీర్చేసినావా? ఎట్లనే?”

నందిత వెనక్కి తిరిగి చూసింది. నాయన లోకనాథ్ భుజం తడుతున్నాడు. ఆమె గొంతు తగ్గించింది.

“నాకు తెలుసునని మా నాయనకు ఎప్పుడూ చెప్పొద్దు, సెరేనా? ఈ పొద్దు అమావాస్య, మా పనోళ్లకు సెలవు.”