కారు పైకప్పు గుడ్డ

మూడోసారీ గమ్ము పట్టలేదు. అంటించిన గుడ్డ మళ్లీ జారి ఆశన్న మొహం మీద వేలాడింది.

గద్వాలలో ఇంటి ముందు నిలిపిన పాత అంబాసిడర్ కారులో, పొద్దుటి నుంచి ఆ పైకప్పుతోనే అతని కుస్తీ.

“సీట్లయితే కుట్టినవ్ గద, ఇగ ఇడిసిపెట్టు. పైకి ఎవరు చూస్తరు?” విసుక్కుంది భార్య జమ్ములమ్మ.

ఆశన్న గమ్ము డబ్బాను విసిరికొట్టాడు.

“మీ అమ్మ చూస్తది! నడుము ఇరిగిన మనిషి, రేపు కర్నూలు దవాఖాన దాంక ఎల్లెలుకల పండుకొనే పోవాలె. తొవ్వంత గీ చినుగులే చూడాల్నా?”

జమ్ములమ్మ కారెక్కి వెనక సీటు మీద పడుకుంది. చాలాసేపు పైకే చూసింది.

“గా మూలకు ముడత కనపడుతుంది,” అంది మెల్లగా. “జర గుంజి అంటించు.”