పనిలో ఉన్నవాళ్లు

“మా ఆయన మిల్లులోనే పనిచేస్తున్నారండీ,” అంది ఆ ఇంటి కోడలు తడుముకోకుండా.

తనిఖీ అధికారిణి తలెత్తి చూసింది. నిరుద్యోగం తగ్గిందని ప్రభుత్వం చెప్పిన లెక్క నిజమో కాదో తేల్చడానికి, సర్వే జరిగిన ఇళ్లకే ఆమె మళ్లీ తిరుగుతోంది. సర్వే గుమాస్తా ఇంట్లో కూర్చుని తోచింది రాసేసి ఉంటాడని ఆమె అనుమానం.

“మిల్లు మూసేశారుగా అమ్మా? ఇప్పుడే గేటుకి తాళం చూసొచ్చాను.”

కోడలి మొహం పాలిపోయింది. మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న అత్తగారి వైపు చూసి, అధికారిణిని గబగబా బయటికి తీసుకెళ్లింది.

“మెల్లగా మేడమ్, మీకు దణ్ణం పెడతాను. అత్తయ్యది గుండె జబ్బు, తెలిస్తే తట్టుకోలేదు. అందుకే రోజూ క్యారేజీ కట్టి ఆయన్ని పంపిస్తున్నా. పార్కులో కూర్చుని వస్తారు. మొన్న సర్వేకి వచ్చినాయనకీ ఆవిడ ఎదురుగా ఇలాగే చెప్పాల్సొచ్చింది.”

“మీ పేరు బయటికి రాదమ్మా. నేను ఉన్నదే రాసుకుంటాను.”

కోడలు కళ్లొత్తుకుని తలూపింది.

కోడలు బయటే ఉండగా, లోపల మరిచిపోయిన సంచి కోసం అధికారిణి వెళ్లింది. ముసలావిడ కళ్లు తెరిచి, ఆమె చెయ్యి పట్టుకుంది.

“వాడికి పని లేదనే రాసుకో తల్లీ. నాకు తెలుసని మాత్రం మా కోడలికి చెప్పకు. పాపం, అది నాకోసమే ఇంత కష్టపడుతోంది.”

గుమాస్తా తోచింది రాయలేదు, విన్నదే రాశాడు.

ఆమె పక్కింటి తలుపు కొట్టింది.

“మా ఇంట్లో అందరికీ ఉద్యోగాలేనండీ,” అన్నాడు ఇంటాయన నవ్వుతూ.

ఆయన వెనక నిలబడ్డవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ, ఏం రాయాలో తెలియక ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.