మంచులో సెనేటర్ కారు

ముప్ఫయ్యొకటో పెట్టె మూత తీసేముందు లవర్న్ టెస్క్ అరచేతులు స్కర్టుకు తుడుచుకుంది.

మాడిసన్‌లోని ఆ పాత రికార్డుల గది సరిగ్గా అయిదింటికి మూసేస్తారు. గోడ గడియారం మూడు దాటింది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి కోర్టులో ఆఖరి విచారణ. కొత్త ఆధారం ఏదైనా ఉంటే అప్పటిలోగా జడ్జి ముందు పెట్టాలి. లేకపోతే క్లేటన్ బ్యూడా జైల్లోనే పోతాడు. ఇప్పటికే ఇరవై రెండేళ్లయింది, ఊపిరితిత్తులు పాడైపోయాయి.

జున్ను ఫ్యాక్టరీ తగలబెట్టాడని కేసు. లోపల కాపలావాడు కాలిపోయాడు. మంటలు లేచింది మార్చి ఇరవైతొమ్మిది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. ఆ వేళకి తాను పద్దెనిమిది మైళ్ల అవతల, మంచులో దిగబడ్డ సెనేటర్ హాల్వర్సన్ కారు తోస్తున్నానని క్లేటన్ చెప్పాడు. కోర్టు హాలంతా నవ్వింది. అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మనిషి కారు ఈ పాలకేన్లు మోసేవాడు తోశాడట. ప్రచార కార్యాలయం వాళ్లు అచ్చువేసిన కార్యక్రమం కాగితం పంపారు. ఒంటిగంటకి వెస్ట్‌ఫెల్‌లో రైతు సంఘం భోజనం అని అందులో ఉంది. ప్రభుత్వం ఇచ్చిన వకీలు ఆ కాగితం చదివి, మారు మాట లేకుండా కూర్చున్నాడు.

ఏటా క్రిస్మస్‌కి లవర్న్‌కి జైలు నుంచి ఒక ఉత్తరం వచ్చేది. 'నేను ఆ రోడ్డు మీదే ఉన్నాను. దయచేసి ఒక్కసారి వెతికి చూడండి.' అంతే. ఈ ఏడు ఉత్తరం రాలేదు.

ఆ సెనేటర్ విస్కాన్సిన్‌లో నలభై రోజులు తిరిగాడు. కనిపించిన చెయ్యల్లా పట్టుకుని ఊపాడు. చివరికి చిత్తుగా ఓడిపోయాడు. ఓటమి మాత్రం భద్రంగా ముప్ఫయ్యారు పెట్టెల్లో ఉంది.

ఒకసారికి ఒక్క ఫోల్డరే ఇస్తారు. అది తిరిగిస్తేనే ఇంకొకటి. కార్యక్రమాలు, ఫోటోలు, ఉపన్యాసాలు, ఊరూరా చేయి కలిపినవాళ్ల పేర్లు. మార్చి ఇరవైతొమ్మిది ఎక్కడ కనిపించినా లవర్న్ వేలు దాని మీదే ఆగిపోయేది. వెస్ట్‌ఫెల్, ఒంటిగంట. అదే మాట చదివి, కళ్లు మూసుకుని, ఊపిరి వదిలేది. తర్వాతి ఫోల్డరు అడిగేది.

నాలుగుంబావుకి ముప్ఫయ్యారో పెట్టె కూడా అయిపోయింది.

రికార్డులు చూసే ఎల్డన్ ఫ్రిష్‌కి జాలేసింది. పొద్దున్నుంచీ ఆమె మంచినీళ్లు కూడా తాగలేదు.

"ఇక చాలమ్మా. ఇంతలా వెతికినవాళ్లని నేను చూళ్లేదు. ఇంటికెళ్లి కాస్త పడుకోండి."

లవర్న్ కోటు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

"ఇంకేం లేవు కదండీ? ఖాయంగా లేవు కదా?"

"జాబితాలో లేవు."

"జాబితాలో ఎక్కనివి?"

ఫ్రిష్ తల గోక్కున్నాడు. "ఉన్నాయనుకోండి. సెనేటర్ గారి డ్రైవరు మొన్నీమధ్య పోయాడు. కూతురు ఓ అట్టపెట్టె తెచ్చి పడేసింది. డైరీలు. నేనింకా విప్పనేలేదు. ఏముంటుంది, టైర్ల సంగతులు తప్ప."

ఆమె కోటు గుండీ విప్పి, మళ్లీ పెట్టుకుంది. గోడ పట్టుకుని నిలబడింది. గడియారం నాలుగున్నర చూపిస్తోంది.

"తెమ్మంటారా, వద్దా?" అన్నాడు ఫ్రిష్.

"తెండి," అంది చివరికి.

ఆ ఏడాది డైరీ చిన్నది, జేబులో పట్టేంత. పేజీ తిప్పడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఫ్రిషే తిప్పి, పైకి చదివాడు.

"మార్చి ఇరవైతొమ్మిది. దారి తప్పాను. పెద్ద పశువుల కొట్టం మలుపు దగ్గర మంచులో దిగబడ్డాం. ఒంటిగంటా ఇరవై నుంచి ముప్పావు దాకా అక్కడే. జున్ను ఫ్యాక్టరీ కోటు వేసుకున్న కుర్రాడు తోశాడు. పేరు బ్యూడా. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. సెనేటర్ గారు వెనక సీట్లో నిద్ర లేవలేదు, బతికిపోయాను. భోజనం దగ్గర వాళ్లకి జనం వదల్లేదని చెప్పాను."

ఫ్రిష్ ఆ పేజీ వెలుతురుకేసి పట్టి మళ్లీ చదువుకున్నాడు.

"ఓరి నీ దారి తప్పుడు తగలెయ్య," అన్నాడు ఫ్రిష్ డైరీకేసి చూస్తూ. "ఉద్యోగం పోతుందని నోరు మూసుక్కూర్చున్నాడు."

లవర్న్ బల్ల మీద తల ఆన్చి ఏడ్చింది. భుజాలు ఎగిసెగిసి పడ్డాయి. ఫ్రిష్ కళ్లు కూడా తడయ్యాయి. ఈ ఉద్యోగంలో ఇలాంటి రోజు ఎన్నాళ్లకోగాని రాదు.

"ఊరుకోండమ్మా, దొరికిందిగా. గెలిచారు మీరు. మూసే టైమైనా ఫరవాలేదు, కోర్టుకి ధ్రువీకరించిన నకలు నేనే తీసిస్తాను. ముందీ ఫారం పూర్తి చేద్దాం."

టైపు మిషన్ దగ్గరకి లాక్కున్నాడు. పేరు, చిరునామా కొట్టాడు.

"క్లేటన్ బ్యూడాకి మీరేమవుతారు? చెల్లెలా, భార్యా?"

లవర్న్ మొహం తుడుచుకుని నిటారుగా కూర్చుంది.

"ఏమీ కాను. ఆ రోజు ఒంటిగంటన్నరకి అతను పెట్రోలు డబ్బాతో ఫ్యాక్టరీ వెనక నుంచి పరుగెత్తడం చూశానని కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది నేనే, అదే రాయండి."