ముందే అడిగి ఉంచిన జవాబు

బ్లడ్ బ్యాంకులో ఆ రాత్రి డేటాబేస్ మొరాయించేసరికి ప్రోగ్రామర్ ఒక్కతే ఉంది. ఆమెకు పని నేర్పిన పెద్దసారు చనిపోయి మూడు నెలలైనా ఆయన పెట్టిన పద్ధతి నడుస్తూనే ఉంది: అడిగిందే మళ్లీ డేటాబేస్‌ను అడక్కుండా, ఒకసారి వచ్చిన జవాబును ప్రోగ్రామే దాచుకుంటుంది.

ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. "చాలా అరుదైన గ్రూపు మేడమ్. పాప పరిస్థితి చేయిదాటిపోయేలా ఉంది."

ఇంతవరకూ ఎవరూ అడగని గ్రూపది. అయినా దాచిన జవాబుల్లోంచి దాత నంబరు టక్కున వచ్చింది. తెల్లవారుజామున పాప గండం గడిచిందని కబురొచ్చింది.

ఆ జవాబు పక్కనే అడిగినవారి పేరుంది. పెద్దసారు. డేటాబేస్ ఆగడానికి నిమిషం ముందు.

ఆమె ఆయన ఖాళీ కుర్చీకి చేతులు జోడించింది. "మీ మేలు మర్చిపోను సార్."

డేటాబేస్ లేచింది. స్కూటర్ తాళాలు తీసుకుంటుండగా తెర మీద ఆయన పేరుతోనే ఇంకో ప్రశ్న కదిలింది. ఈసారి ఆమె సొంత బ్లడ్ గ్రూపుకే దాత కావాలట.

తాళాలు మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

"సరే సార్, ఇవాళ ఇక్కడే పడుకుంటాలెండి."